నకియాకు ఎందుకు చెప్పలేదు? సూపర్‌హీరో కామిక్స్‌లో అమ్మాయిల స్నేహాలు ఎక్కడ బీటలు వారతాయి

నకియా కోపం న్యాయమేనా? నెల్లూరులో నేను ఇంగ్లిష్ పాఠాలు చెప్పే డిగ్రీ క్లాసులో బాగా నలిగిన ప్రశ్న ఇది. మిస్ మార్వెల్ కథ మా పిల్లల్లో చాలామందికి 2022లో ఓటీటీలో వచ్చిన సీరీస్‌తోనే పరిచయం. అందులో కమలా ఖాన్ అనే అమ్మాయికి శక్తులు వస్తాయి. ఆ సంగతి ప్రాణస్నేహితురాలు నకియాకు చెప్పదు. అన్న పెళ్లిలో గొడవ జరిగినప్పుడు అది నకియా కంట పడుతుంది. అప్పుడు నకియాకు కలిగింది ఆశ్చర్యం కన్నా బాధ. కమలాతో మాట్లాడటమే మానేస్తుంది.

క్లాసులో సగంమంది నకియా పక్షం, సగంమంది కమలా పక్షం. కావలి నుంచి రోజూ రైల్లో వచ్చే ఒకమ్మాయి, "ఇన్నాళ్లూ పక్కనే కూర్చుని అబద్ధాలు చెప్పింది మేడం, అదేం ఫ్రెండు?" అంది. వెనక బెంచీ నుంచి ఇంకో అమ్మాయి, "నా రహస్యం నా ఇష్టం. అడిగితే చెప్పాలని రూలుందా?" అని తిప్పికొట్టింది. ఈ రెండు మాటల్లోనూ బలం ఉంది. కాకపోతే వాటి వెనక ఎనభై ఏళ్ల కామిక్స్ చరిత్ర ఉంది, ప్రచురణ సంస్థల లెక్కలున్నాయి, అమ్మాయిల స్నేహాన్ని కథకులు ఎలా చూశారన్న సంగతి ఉంది. అవన్నీ కలిసి చిక్కుపడటం వల్లే ఈ వాదన ఎక్కడా తెగడం లేదు.

ముందు తెలియాల్సిన నాలుగు మాటలు

కామిక్స్‌లో ఇష్యూ అంటే సాధారణంగా నెలకొకటి వచ్చే పలచని సంచిక. ఒక్కో దానిలో ఇరవై పేజీలకు కాస్త అటూఇటూగా కథ ఉంటుంది. అలాంటి ఇష్యూల వరసే సీరీస్. రచయిత మారిపోతాడు, బొమ్మలు గీసేవాళ్లు మారిపోతారు, పాత్ర మాత్రం అదే ఉంటుంది. నిన్నటి రచయిత రాసిందాన్ని నేటి రచయిత మోయాల్సి రావడాన్ని కంటిన్యుటీ అంటారు. సంస్థ తన హీరోలందరినీ ఒక పెద్ద తగువులోకి దించి, అన్ని సీరీస్‌లనూ కొన్ని నెలలపాటు దాని చుట్టూ తిప్పితే అది ఈవెంట్.

ఇక సీక్రెట్ ఐడెంటిటీ. 1938లో సూపర్‌మ్యాన్ వచ్చినప్పటి నుంచీ ఇది ఈ కథలకు పునాది. లోకానికి ఒక ముఖం, ఇంట్లోవాళ్లకు ఇంకో ముఖం. మొదట్లో ఇది హాస్యానికీ ఉత్కంఠకూ పనికొచ్చింది. తోటి విలేఖరి లోయిస్ లేన్ ఎదురుగా కూర్చున్న క్లార్క్ కెంటే సూపర్‌మ్యాన్ అని పాఠకుడికి తెలుసు, ఆమెకు తెలియదు. పాఠకుడికి అందులో సరదా ఉండేది. తెలియకపోవడం ఆమెకు అవమానం కాదా అని ఆ రోజుల్లో పెద్దగా ఎవరూ అడగలేదు.

స్నేహంలో బీట అంటే నేను ఇక్కడ తెగతెంపులను అనడం లేదు. ఇద్దరూ ఇంకా కలిసే కూర్చుంటారు, కలిసే తింటారు. కానీ ఒకరు మాట తూచి మాట్లాడటం మొదలుపెడతారు, రెండోవారు అది కనిపెడతారు. ఈ కామిక్స్‌లో ఆసక్తికరమైనదంతా ఈ దశలోనే ఉంది.

గుంపుకొక్క ఆడపిల్ల

అమ్మాయిల స్నేహం గురించి రాయాలంటే కథలో కనీసం ఇద్దరు అమ్మాయిలుండాలి. అమెరికన్ సూపర్‌హీరో కామిక్స్‌లో చాలా కాలం ఆ మాత్రం కూడా లేదు. 1960లో మొదలైన జస్టిస్ లీగ్ తొలి జట్టులో స్త్రీ వండర్ ఉమన్ ఒక్కతే. 1961లో ఫెంటాస్టిక్ ఫోర్ వచ్చింది, నలుగురిలో స్యూ స్టార్మ్ ఒక్కతే. 1963లో అవెంజర్స్ వచ్చారు, అందులో వాస్ప్ ఒక్కతే. అదే ఏడాది ఎక్స్-మెన్ వచ్చింది, పుట్టుకతోనే శక్తులున్న మ్యూటెంట్ల జట్టు, అందులో జీన్ గ్రే ఒక్కతే. ఎవరికి చెప్పుకుంటారు, ఎవరితో అలుగుతారు? ఇంకో ఆడమనిషి కథలోకి వస్తే ఎక్కువగా శత్రువుగానో ప్రేమలో పోటీగానో వచ్చేది.

1975లో ఎక్స్-మెన్ కొత్త జట్టుతో మళ్లీ మొదలైంది. అందులోకి స్టార్మ్ వచ్చింది. క్రిస్ క్లేర్‌మాంట్ రాసిన ఏళ్లలో స్టార్మ్, జీన్ దగ్గరి స్నేహితులయ్యారు. 1980లో పదమూడేళ్ల కిట్టీ ప్రైడ్ వచ్చింది. అక్కడి నుంచి అమ్మాయిల మధ్య మాట, మౌనం, అలక, రాజీ కథలో భాగమయ్యాయి. ఈ నేపథ్యం ఎందుకు చెబుతున్నానంటే, "ఆడవాళ్లను పెడితే గొడవలే చూపిస్తారు" అని మా క్లాసులో ఒక ఫిర్యాదు వచ్చింది. ఆ ఫిర్యాదు తప్పు కాదు. కానీ గొడవ పడటానికైనా ఇంకొకరు ఉండాలి కదా. ఆ స్థాయికి రావడానికే దశాబ్దాలు పట్టింది.

స్టార్మ్ జుట్టు తీసేసుకున్న రోజు

నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా నచ్చిన ఘట్టం 1983 నాటిది, అన్‌కేనీ ఎక్స్-మెన్ 173వ ఇష్యూలో ఉంది. అందులో రహస్యాలేమీ లేవు, ద్రోహమూ లేదు. ఉన్నదల్లా ఒక హెయిర్‌కట్.

స్టార్మ్‌కు తెల్లని పొడవాటి జుట్టు. మెత్తగా మాట్లాడే మనిషి. మొక్కలంటే ప్రాణం, అటకమీద గదిలో వాటి మధ్యనే ఉంటుంది. ఇంటికి దూరంగా వచ్చిన కిట్టీకి అక్కా అమ్మా రెండూ ఆమే. కానీ ఆ రోజుల్లో స్టార్మ్ లోపల చాలా జరుగుతోంది. ఒక యుద్ధంలో ప్రాణం తీయడానికి కూడా సిద్ధపడి మోర్లాక్స్ అనే గుంపుకు నాయకురాలైంది. జపాన్‌లో యుకియో అనే నదురూ బెదురూ లేని అమ్మాయితో స్నేహం కుదిరింది. జట్టులోని వుల్వరిన్ పెళ్లికి అందరూ చేరేసరికి ఆమె తోలు బట్టల్లో, తలకు రెండు వైపులా నున్నగా గీయించుకుని మధ్యలో మాత్రం నిక్కబొడిచిన జుట్టుతో నిలబడి ఉంటుంది. కిట్టీ చూసి తట్టుకోలేక ఏడుస్తూ పరుగెత్తుతుంది.

పైకి చూస్తే చిన్నపిల్ల మారాం. జుట్టు పెరుగుతుంది కదా అనిపిస్తుంది. కానీ కిట్టీ తరఫు నుంచి ఆలోచించండి. తనకు ఆధారంగా ఉన్న మనిషి మారాలని నిర్ణయించుకుంది. ఆ మార్పు కొంచెం కొంచెంగా జరుగుతున్నంత కాలం ఎవరూ కిట్టీకి చెప్పలేదు. ఇంకొక కొత్త స్నేహితురాలికి తెలుసు, తనకు తెలియదు. ఇప్పుడు స్టార్మ్ తరఫున చూడండి. ఎప్పుడూ ఒకే రకంగా, మెత్తగా, అందరి బరువూ మోస్తూ ఉండాలని ఆమెను ఎవరు శాసించారు? ఒక చిన్న పిల్ల కోసం తన లోపలి మార్పును ఆపుకోవాలా?

ఒంగోలు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉంటున్న ఒక విద్యార్థిని ఈ పేజీలు చదివి తన అక్క గురించి చెప్పింది. అక్క బెంగళూరులో ఉద్యోగంలో చేరిన ఆరు నెలలకు నడుము దాకా ఉన్న జడ తీసేసి సంక్రాంతికి ఇంటికొచ్చిందట. అమ్మానాన్నలు అరిచి ఊరుకున్నారు. తను మాత్రం రెండు రోజులు మాట్లాడలేదట. "జడ పోయిందని కాదు మేడం. ఫోటో అయినా పెట్టలేదు నాకు." కిట్టీ కన్నీళ్లకు ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం నేను ఎక్కడా చదవలేదు.

అదే కాలంలో న్యూ మ్యూటెంట్స్ అనే సీరీస్‌లో ఇంకో రకం బీట కనిపిస్తుంది. రేన్ సింక్లెయిర్ స్కాట్లాండ్ పిల్ల, తోడేలుగా మారగలదు. కఠినమైన మతబోధకుడి దగ్గర, అన్నిటికీ పాపభయంతో పెరిగింది. ఇలియానా రస్పుటిన్ చిన్నప్పుడే దయ్యాల లోకంలో చిక్కుకుని, అక్కడే ఏళ్లు పెరిగి, మంత్రవిద్యతో తిరిగి వచ్చింది. మన లోకంలో మాత్రం ఆ మధ్యలో కొన్ని క్షణాలే గడిచాయి. ఇద్దరూ ఒకే జట్టు. రేన్‌కు ఇలియానా అంటే భయం. ఇలియానా ఆమెకు ఏ అపకారమూ చేయలేదు. నువ్వు నేర్చుకున్న నమ్మకం ప్రకారం నీ స్నేహితురాలే చెడ్డదైతే ఏం చేస్తావు అన్నది అక్కడి ప్రశ్న.

నకియా ఎవరు

ఇప్పుడు కమలా దగ్గరికి వద్దాం. కమలా ఖాన్ 2013లో కామిక్స్‌లో మొదట కనిపించింది. 2014లో ఆమెకు సొంత సీరీస్ వచ్చింది. మార్వెల్ సంస్థ సంపాదకులు సనా అమానత్, స్టీఫెన్ వాకర్, రచయిత్రి జి. విల్లో విల్సన్, చిత్రకారులు ఆడ్రియన్ అల్ఫోనా, జేమీ మెకెల్వీ కలిసి తీర్చిదిద్దిన పాత్ర. 2015లో ఆ సీరీస్ తొలి సంపుటికి సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. కమలాకు పదహారేళ్లు, న్యూయార్క్ పక్కన జెర్సీ సిటీలో ఉంటుంది. తల్లిదండ్రులు మునీబా, యూసుఫ్ పాకిస్తాన్ నుంచి వెళ్లినవాళ్లు. అన్న ఆమిర్ పరమ భక్తుడు.

నకియా బహాదిర్ ఆమె స్నేహితురాలు, టర్కీ మూలాల పిల్ల. మొదటి ఇష్యూలోనే ఆమె గురించి ఒక ముఖ్యమైన సంగతి తెలుస్తుంది. జోయీ జిమ్మర్ అనే తోటి విద్యార్థిని తీపి గొంతుతో, తలకు స్కార్ఫ్ కట్టుకోమని నిన్నెవరైనా బలవంతపెట్టారా అని నకియాను అడుగుతుంది. అలాంటిదేమీ లేదని, నిజానికి తన తండ్రి దాన్ని తీసేయమంటున్నాడని, ఇదేదో నాలుగు రోజుల మోజని అనుకుంటున్నాడని నకియా చెబుతుంది. అంటే నకియా తన గురించి తాను నిర్ణయించుకున్న మనిషి. ఇంట్లో వద్దన్నా, బడిలో జాలిపడ్డా తన నిర్ణయం మీద నిలబడింది. అలాంటి అమ్మాయి ఏది తట్టుకోగలదో ఏది తట్టుకోలేదో కమలా తనంతట తానే తేల్చేసింది. అసలు దెబ్బ ఇక్కడుంది.

కమలా రహస్యం ఎవరెవరికి ఎప్పుడు తెలిసిందో వరసగా చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. బ్రూనో కరెల్లికి కథ మొదట్లోనే తెలిసిపోయింది. అతను చిన్ననాటి స్నేహితుడు, చేతిలో సైన్సు ఉంది, ఆమెకు సాయం చేస్తాడు. 2015లో లోకం అంతమయ్యేలా ఉన్న ఘట్టంలో కమలా తల్లికి చెప్పబోతే, మునీబా తనకు ఎప్పుడో తెలుసని అంటుంది. కూతురు నోరు విప్పేదాకా ఆ తల్లి ఊరుకుంది. నకియాకు మాత్రం చాలా కాలం చెప్పలేదు. పని ఉన్నవాడికి తెలిసింది, కనిపెట్టగలిగిన తల్లికి తెలిసింది. అడగకుండా, అనుమానించకుండా, నమ్మి పక్కన కూర్చున్న మనిషికి తెలియలేదు. నమ్మినందుకు ఆమెకు దక్కిన ఫలితం అది.

అవెంజర్స్‌లో చేరాక కమలా ఇంకా దూరమైంది. బడి, అన్న ఆమిర్‌కు టైషాతో పెళ్లి పనులు, లోకాన్ని కాపాడే డ్యూటీ. అన్నిచోట్లా ఉండలేక తనలాగే కనిపించే నకళ్లను తయారు చేయించుకుని ఇంటికీ బడికీ పంపుతుంది. అవి అదుపు తప్పి వందలుగా పెరిగిపోవడం పైకి నవ్వు తెప్పించే కథ. కానీ మీ స్నేహితురాలు మీ దగ్గరికి తన బదులు ఇంకొకదాన్ని పంపిందని తెలిస్తే మీకెలా ఉంటుంది? హాస్యం మాటున రచయిత్రి చాలా బాధాకరమైన ప్రశ్నే అడిగింది.

ఒక హాస్టల్ గదిలో వేసిన లెక్క

దీన్ని మన ఊరి లెక్కలో వేసి చూద్దాం. నెల్లూరులో ఒక లేడీస్ హాస్టల్ గది, అందులో ముగ్గురు అమ్మాయిలు ఉన్నారనుకుందాం. మొదటి అమ్మాయికి ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. కుదిరితే చదువు మధ్యలో ఆగిపోతుంది. ఇంటినుంచి ఫోన్ వచ్చినప్పుడు రెండో అమ్మాయి పక్కనే ఉండటంతో ఆమెకు తెలిసింది. మూడో అమ్మాయి బ్యాంకు పరీక్షకు చదువుతోంది. "పాపం, దానికి టెన్షన్ పెట్టడం ఎందుకు" అని చెప్పలేదు. రెండు నెలలు గడిచాయి.

ఇప్పుడు ఎవరి మీద ఎంత బరువు ఉంది? మొదటి అమ్మాయికి పెళ్లి భయం ఒకటి, రోజూ నవ్వు ముఖం పెట్టాల్సిన శ్రమ ఇంకొకటి. రెండో అమ్మాయికి ఆ రహస్యంతో సొంత సంబంధం లేదు, అయినా రోజూ అబద్ధం ఆడాలి. మూడో అమ్మాయికి ఏమీ తెలియదు కాబట్టి హాయిగా ఉండాలి. ఉండదు. తను గదిలోకి రాగానే మాట ఆగిపోవడం ఆమె చూస్తుంది. వరండాలో ఇద్దరూ గుసగుసలాడటం చూస్తుంది. కారణం తెలియదు కాబట్టి తానే ఒకటి కల్పించుకుంటుంది: నేనేదో తప్పు చేశాను, వీళ్లకు నేను అక్కర్లేదు. టెన్షన్ పెట్టకూడదని దాచిన మాట ఆమెకు టెన్షన్ పెట్టనే పెట్టింది. తేడా ఏమిటంటే, చెప్పి ఉంటే దానికి ఒక కారణం ఉండేది.

మొదటి అమ్మాయి స్థానంలో కమలాను, రెండో స్థానంలో బ్రూనోను, మూడో స్థానంలో నకియాను పెట్టండి. నకియా పక్షం వాదన మొత్తం వచ్చేస్తుంది.

కమలా పక్షాన్నీ అంతే శ్రద్ధగా వినాలి. ఈ కథల్లో ప్రమాదం ఊహ కాదు. హీరోను నేరుగా ఓడించలేని శత్రువు ఆమె మనుషులను వెతుక్కుంటూ వస్తాడు. తెలియనివాళ్ల దగ్గర నుంచి ఎవరూ ఏదీ రాబట్టలేరు. పైగా రహస్యం కమలాది. ఆమె శరీరం మారింది, ఆమె జీవితం తలకిందులైంది. దాన్ని ఎవరికి ఎప్పుడు చెప్పాలన్నది ఆమె హక్కు. స్నేహం పేరుతో ఎవరూ దాన్ని బాకీలాగా వసూలు చేయలేరు. వెనక బెంచీ అమ్మాయి అన్నది ఇదే, ఆ మాటకు నేను తలవంచుతాను. హాస్టల్ గదిలో మొదటి అమ్మాయి మాట్లాడకపోవడానికి కారణం సిగ్గు కావచ్చు, చెప్పగానే అది నిజమైపోతుందన్న భయం కావచ్చు. మూడో అమ్మాయి కోసం దాచానన్నది ఆమె తనకు తాను చెప్పుకున్న సాకు కావచ్చు.

చిక్కు విడిపోయేది అక్కడే అని నాకు అనిపిస్తుంది. "నేను చెప్పలేకపోయాను" అనడం ఒకటి, "నీ మంచికే చెప్పలేదు" అనడం ఇంకొకటి. మొదటిదానిలో చెప్పేమనిషి బలహీనత ఉంది, దాన్ని స్నేహితురాలు క్షమించగలదు. రెండోదానిలో ఎదుటిమనిషి బలహీనురాలన్న తీర్పు ఉంది. నకియాకు కోపం తెప్పించేది ఆ తీర్పే.

కమలా ఇంటి వాతావరణం మా పిల్లలకు కొత్తగా అనిపించకపోవడానికి నెల్లూరే కారణం. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండక్కి మతంతో పనిలేకుండా వెళ్లే ఊరు ఇది. అక్కడ స్వర్ణాల చెరువులో దిగి చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె అని గొంతెత్తి అడుగుతారు. కోరిక తీరినవాళ్లు తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. మనసులో ఉన్న అతి సొంత కోరికను ముక్కూమొహం తెలియని మనిషి ముందు పైకి చెప్పేస్తారు. అదే కోరికను పక్క మంచం మీద పడుకునే స్నేహితురాలికి చెప్పలేకపోవడమూ నేను చూశాను. తెలియనివాళ్లు ఆ మాట తీసుకుని వెళ్లిపోతారు. తెలిసినవాళ్లు రేపు పొద్దున మళ్లీ కనబడతారు, ఏమైందని అడుగుతారు. జెర్సీ సిటీ అంతా మిస్ మార్వెల్‌ను చూసినా నకియా ఒక్కతే చూడకూడదని కమలా అనుకోవడం నాకు అందుకే అర్థమవుతుంది.

గొంతు మాత్రమే తెలిసిన స్నేహం

రహస్యం ప్రతిసారీ స్నేహాన్ని తినేస్తుందా? దీనికి ఎదురు ఉదాహరణ డీసీ సంస్థ కామిక్స్‌లో ఉంది. బార్బరా గోర్డన్ ఒకప్పటి బ్యాట్‌గర్ల్. 1988 నాటి కథలో జోకర్ తుపాకీ దెబ్బకు నడవలేని స్థితికి వచ్చింది. తర్వాత ఒరాకిల్ పేరుతో కంప్యూటర్ల ముందు కూర్చుని హీరోలకు సమాచారం అందించే పాత్రగా మారింది. 1996లో మొదలైన బర్డ్స్ ఆఫ్ ప్రే కథల్లో ఆమె, బ్లాక్ కెనరీ అనే డైనా లాన్స్ కలిసి పనిచేస్తారు. డైనాకు ఒరాకిల్ అంటే చెవిలో వినిపించే గొంతు మాత్రమే. పేరు తెలియదు, ముఖం తెలియదు. ఇద్దరూ ఎదురెదురుగా కలవడానికి 2000 దాకా పట్టింది.

ఇక్కడ రహస్యం ఉంది, పైచేయి కూడా ఒకరిదే. బార్బరాకు డైనా గురించి అన్నీ తెలుసు, డైనాకు బార్బరా గురించి ఏమీ తెలియదు. అయినా ఇది నకియా కథ కాలేదు. ఎందుకంటే రహస్యం ఉందన్న సంగతి డైనాకు మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసే ఒప్పుకుంది, చిరాకుపడింది, గుచ్చి గుచ్చి అడిగింది, వేచి చూసింది. తలుపు మూసి ఉందని తెలిసినవాళ్లు తలుపు తట్టగలరు. నకియాకు అక్కడ తలుపే లేదని చెప్పారు.

అభిమానించే అక్కతో విభేదం

2016లో మార్వెల్ సంస్థ సివిల్ వార్ టూ అనే ఈవెంట్ నడిపింది. యులిసిస్ అనే యువకుడికి జరగబోయేవి ముందే కనిపిస్తాయి. నేరం జరగకముందే మనిషిని పట్టుకోవచ్చా అన్నది తగువు. పట్టుకోవాలని కెప్టెన్ మార్వెల్ అనే కెరోల్ డాన్వర్స్, కూడదని ఐరన్ మ్యాన్ అనే టోనీ స్టార్క్. కమలాకు కెరోల్ అంటే ఆరాధన. ఆమె ఒకప్పుడు వాడి వదిలిన మిస్ మార్వెల్ పేరునే కమలా పెట్టుకుంది. ఆ అభిమానంతోనే జెర్సీ సిటీలో ముందస్తు అరెస్టులు చేసే కుర్రాళ్ల దళాన్ని చూసుకోవడానికి ఒప్పుకుంది. తీరా వాళ్లు తన తోటి విద్యార్థి జోష్‌ను ఏ తప్పూ చేయకుండానే బంధిస్తారు. అతన్ని విడిపించబోయి బ్రూనో పేలుడులో తీవ్రంగా గాయపడతాడు. కమలాతో మాట తెంచుకుని దేశమే వదిలి వెళ్లిపోతాడు. కమలా, కెరోల్ మధ్యా మాట తెగుతుంది.

స్టార్మ్, కిట్టీల కథతో పోలిస్తే ఇది తిరగబడిన కథ. అక్కడ పెద్దామె మారిందని చిన్నది ఏడ్చింది. ఇక్కడ పెద్దామె మారనంటుంది కాబట్టి చిన్నది దూరం జరిగింది. 2023లో వచ్చిన ద మార్వెల్స్ సినిమాలో ఇదే తీగ ఇంకోలా మోగుతుంది. తిరిగొస్తానని చిన్నప్పుడు మాట ఇచ్చి రాని కెరోల్ మీద మోనికా రాంబోకు కోపం. పక్కనే కమలా ఇంకా ఆరాధనలో ఉంటుంది. ఒకే మనిషి ఒకరికి దేవత, ఇంకొకరికి మాట తప్పిన అత్త.

జోయీకి దక్కింది

స్కార్ఫ్ గురించి తీపిగా గుచ్చిన జోయీ అక్కడే ఆగిపోలేదు. అదే అమ్మాయి నెమ్మదిగా మారి ఈ గుంపులో ఒకతె అవుతుంది. 2017 నాటి కథల్లో ఆమె నకియాను ప్రేమిస్తోందని, పంపకుండా దాచుకున్న ఉత్తరాలున్నాయని తెలుస్తుంది. డాక్ ఎక్స్ అనే కంప్యూటర్ వైరస్ ఆ రహస్యాన్ని బెదిరింపుకు వాడుకుంటుంది. చివరికి ఆ సంగతి నకియా దాకా వస్తుంది. నకియా ఆ ప్రేమను ఒప్పుకోలేకపోతుంది, కానీ స్నేహాన్ని వెనక్కి తీసుకోదు.

కమలా తరఫున వాదించేవాళ్లు ఈ ఘట్టాన్ని మళ్లీ చూడాలి. అంత సున్నితమైన నిజాన్ని, తనను ఒకప్పుడు చిన్నచూపు చూసిన అమ్మాయి నుంచి వచ్చినదాన్ని, నకియా పరువుగా చేతుల్లోకి తీసుకుంది. ఆమె దేన్ని మోయగలదో రచయిత్రి చూపించేసింది.

తగువులు స్నేహాన్ని లోతు చేస్తున్నాయా, పలచన చేస్తున్నాయా

విమర్శకుల్లో రెండు దారులున్నాయి. ఒక దారి వాళ్లు అంటారు: మగ హీరోలు పోట్లాడుకుంటే సిద్ధాంతాల కోసం, అమ్మాయిలు పోట్లాడుకుంటే మనసు నొచ్చుకుని, ఆడవాళ్లంటే భావోద్వేగాలే అన్న పాత మూసను ఇది నిలబెడుతోంది. రెండో దారి వాళ్లు అంటారు: ఏ ఘర్షణా లేని స్నేహం కథలో గోడకు పెట్టిన బొమ్మ లాంటిదే, నకియాకు అలిగే హక్కు ఇచ్చినప్పుడే ఆమె కమలాకు తోడుగా ఉన్న పాత్ర స్థాయి దాటి మనిషైంది. నేను రెండోవైపు మొగ్గుతాను, ఒక షరతు మీద. అలక తర్వాత పేజీలు కూడా ఉండాలి. బీటకు ఎంత చోటు ఇచ్చారో అతుక్కోవడానికీ అంత ఇవ్వాలి. నెలవారీ కామిక్స్ తరచుగా ఎగ్గొట్టేది ఈ రెండో పనినే. ఈవెంట్ వస్తుంది, రచయిత మారతాడు, నాలుగు ప్యానెళ్లలో సారీ చెప్పించి కథ ముందుకు పోతుంది.

దీనికి బాధాకరమైన ఉదాహరణ 2023 మే నెలలో వచ్చింది. కమలా చనిపోయింది, అదీ తన సీరీస్‌లో కాదు, అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 26వ ఇష్యూలో. స్పైడర్‌మ్యాన్ ఒకప్పటి ప్రియురాలు మేరీ జేన్ రూపం ధరించి, ఆమెను కాపాడటానికి తాను కత్తిపోటుకు గురై, స్పైడర్‌మ్యాన్ ముందు ప్రాణం విడిచింది. మగ హీరో దుఃఖపడటానికి ఆడ పాత్రను చంపే అలవాటును 1999లో గెయిల్ సిమోన్ ఒక జాబితా వేసి ఎత్తిచూపారు. విమెన్ ఇన్ రెఫ్రిజిరేటర్స్ అన్న పేరు అప్పుడే స్థిరపడింది. కమలా మరణం మీద వచ్చిన విమర్శల్లో ఆ పేరు మళ్లీ వినిపించింది. సంస్థ జులైలో సంతాప సంచిక వేసింది. అదే నెలలో ఎక్స్-మెన్ కథలో ఆమెను మ్యూటెంట్‌గా మళ్లీ బతికించింది. ఆ వెంటనే వచ్చిన కొత్త సీరీస్‌ను తెరమీద కమలాగా నటించిన ఇమాన్ వెల్లానీ, సబీర్ పీర్జాదా కలిసి రాశారు.

బతికించడం మంచిదే. కానీ చనిపోయిన ఇష్యూను మా క్లాసులో చదివినప్పుడు పిల్లలు అడిగింది బతికిందా లేదా అని కాదు. ఆఖరి పేజీలో నకియా ఎక్కడుందని అడిగారు. ఆమె ఆ పేజీలో లేదు. అన్నేళ్ల స్నేహం, అన్నేళ్ల అలక, రాజీ ఉన్న అమ్మాయి కమలా పక్కన లేకుండా కమలా ఎలా చనిపోతుందన్న ప్రశ్నకు ఆ ఇష్యూలో జవాబు లేదు.